హాలోవీన్ రాత్రికి ఒక్క రక్తపిశాచి సినిమా: ‘ఫ్రైట్ నైట్’ సమీక్ష

అక్టోబరు 31 రాత్రి చూడడానికి ఒక్క రక్తపిశాచి సినిమా చెప్పమని అడిగితే నేను తడుముకోకుండా 1985లో వచ్చిన ‘ఫ్రైట్ నైట్’ పేరే చెబుతాను. కొలంబియా పిక్చర్స్ విడుదల చేసిన ఈ చిత్రం నిడివి 106 నిమిషాలు. రచన, దర్శకత్వం టామ్ హాలండ్. అప్పటివరకు ‘సైకో 2’ వంటి చిత్రాలకు స్క్రీన్‌ప్లే రాసిన రచయితగానే తెలిసిన ఆయనకు దర్శకుడిగా ఇది తొలి చిత్రం. మూడేళ్ల తరువాత ‘చైల్డ్స్ ప్లే’ తీసి ఇంకా పేరు తెచ్చుకున్నాడు. ఇంత పాత సినిమాను ఇప్పుడు సమీక్షించడానికి కారణం ఉంది. తాను భయానక చిత్రమన్న సంగతి తనకే తెలిసినట్టు నడిచే సినిమాలు ఇటీవలి కాలంలో చాలా వచ్చాయి. వాటిలోని పాత్రలు కూడా ఇలాంటి సినిమాలు చూసి పెరిగినవాళ్లే. తరువాత ఏం జరుగుతుందో వాళ్లకూ తెలుసు, ప్రేక్షకుడికీ తెలుసు. ఆ తెలివిడి చాలా సినిమాల్లో భయాన్ని పలచన చేసింది. ‘ఫ్రైట్ నైట్’లో మాత్రం అదే తెలివిడి భయాన్ని చిక్కబరిచింది. అదెలా జరిగిందో వివరించాలంటే కథలోని ముఖ్య ఘట్టాలను, ముగింపును కూడా ప్రస్తావించక తప్పదు కనుక, సినిమా చూడనివారు ముందు చూసి ఆ తరువాత ఈ సమీక్ష చదవడం మంచిది.

చార్లీ బ్రూస్టర్ పాత్రలో విలియం రాగ్స్‌డేల్ నటించాడు. తల్లితో కలిసి ఒక మామూలు అమెరికన్ పట్టణంలో ఉంటున్న హైస్కూలు కుర్రవాడు చార్లీ. రాత్రిపూట టీవీలో పాత భయానక చిత్రాలను చూపించే ‘ఫ్రైట్ నైట్’ అనే కార్యక్రమమంటే అతనికి ప్రాణం. పక్కనున్న పాత ఇంట్లోకి ఒక రాత్రి ఇద్దరు మనుషులు శవపేటికను మోసుకుపోవడం అతను కిటికీలోంచి చూస్తాడు. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన జెర్రీ డాండ్రిజ్ అందగాడు, మాటతీరు తెలిసినవాడు. ఈ పాత్రను క్రిస్ సరాండన్ పోషించాడు. ఊళ్లో యువతుల హత్యలు మొదలవుతాయి. ఒక రాత్రి ఎదురు కిటికీలో ఒక అమ్మాయి మెడ మీదికి వంగుతున్న జెర్రీ కోరలను చార్లీ కళ్లారా చూస్తాడు. తనను ఎవరో చూస్తున్నారని జెర్రీకీ తెలిసిపోతుంది. గోళ్లు పొడవుగా సాగిన చెయ్యి ఒకటి ఆ కిటికీ తెరను నెమ్మదిగా కిందికి లాగుతుంది. పోలీసులు నమ్మరు, తల్లి నమ్మదు, ప్రియురాలు ఎమీ నమ్మదు, స్నేహితుడు ఎడ్ నవ్విపోతాడు. దిక్కుతోచని చార్లీ చివరికి టీవీ కార్యక్రమాన్ని సమర్పించే పీటర్ విన్సెంట్‌ను ఆశ్రయిస్తాడు. ఒకప్పుడు సినిమాల్లో రక్తపిశాచాల వేటగాడిగా వేషం కట్టిన ఆ వయసు మళ్లిన నటుడికి సరిగ్గా అప్పుడే ఉద్యోగం ఊడి ఉంటుంది.

సినిమా మొదటి నిమిషంలోనే దర్శకుడు తన పద్ధతి ఏమిటో చెప్పేస్తాడు. కెమెరా రాత్రివేళ ఇళ్ల కప్పుల మీదుగా ఒక కిటికీ వైపు జరుగుతూ ఉంటే, ఒక స్త్రీ, ఒక పురుషుడు మాట్లాడుకునే గొంతులు వినిపిస్తాయి. ఆ మాటల్లో రక్తదాహం ధ్వనిస్తుంది. ఏదో ఘోరం జరగబోతోందని మనం బిగుసుకుంటాం. కెమెరా గదిలోకి వచ్చాక అవి టీవీలో నడుస్తున్న పాత సినిమాలోని మాటలని తెలుస్తుంది. ప్రేక్షకుడిని ఆటపట్టించడానికి పెట్టిన దృశ్యంలా కనిపించినా, దాని అవసరం తరువాత బోధపడుతుంది. తెర మీది పిశాచానికి అలవాటుపడిన కుర్రవాడు పక్కింట్లోని పిశాచాన్ని గుర్తుపట్టగలిగాడు. అతను చూసిన సినిమాలే అతనికి కళ్లు ఇచ్చాయి. ఆ సినిమాల వల్లనే అతని మాట ఎవరూ నమ్మలేదు. కథంతా ఈ ఇరకాటం మీదే నడుస్తుంది.

పీటర్ విన్సెంట్ పాత్ర గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పీటర్ కుషింగ్, విన్సెంట్ ప్రైస్ అనే ఇద్దరు గొప్ప నటుల పేర్లను కలిపి హాలండ్ ఈ పేరు పెట్టాడు. టీవీలో పాత భయానక చిత్రాలను వేషం వేసుకుని పరిచయం చేసే సంప్రదాయాన్ని అమెరికాలో 1954లో లాస్ ఏంజెలెస్‌లో వాంపైరా అనే పాత్రతో మైలా నుర్మి ప్రాచుర్యంలోకి తెచ్చింది. 1957లో కొలంబియా వారి టీవీ విభాగమైన స్క్రీన్ జెమ్స్, యూనివర్సల్ స్టూడియో వారి పాత చిత్రాలు 52 ఒక కట్టగా స్టేషన్లకు అమ్మింది. దాంతో ఊరూరా ఇలాంటి సమర్పకులు పుట్టుకొచ్చారు. ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వంటి 1930ల నాటి సినిమాలను ఒక తరం అమెరికన్ పిల్లలు సినిమా హాలులో కాక ఇంట్లో, అర్ధరాత్రి, ఈ సమర్పకుల మాటల మధ్య చూసి పెరిగారు. పీటర్ విన్సెంట్ ఆ లోకానికి చివరి ప్రతినిధి. ఇప్పటి ప్రేక్షకులకు రక్తపిశాచాలూ వేటగాళ్లూ అక్కర్లేదని, ముసుగులు తగిలించుకుని ఆడపిల్లలను నరికే ఉన్మాదులే కావాలని అతను చార్లీ దగ్గర వాపోతాడు. 1978లో ‘హాలోవీన్’, 1980లో ‘ఫ్రైడే ద థర్టీన్త్’ సాధించిన విజయం తరువాత పరిస్థితి నిజంగానే అలా ఉండేది. పీటర్ పాత్ర పోషించిన రోడీ మెక్‌డోవల్ ఈ మాటలను హాస్యానికి పలకలేదు. తన కళ కాలం చెల్లిందని గ్రహించిన మనిషి గొంతులో ఉండే అవమానం, బెంగ ఆయన పలకడంలో వినిపిస్తాయి. ఈ సినిమాను నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించేది ఆయన నటన కోసమే.

ఇక ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం జెర్రీ ఇంట్లో జరిగే పరీక్ష. చార్లీకి పట్టిన భ్రమను వదిలించాలని ఎమీ, ఎడ్ కలిసి పీటర్ విన్సెంట్‌కు 500 డాలర్ల సేవింగ్స్ బాండ్ ఇచ్చి ఒప్పిస్తారు. జెర్రీ పవిత్రజలం తాగి తాను మనిషినేనని రుజువు చేసుకోవాలన్నది ఏర్పాటు. సీసాలో ఉన్నవి నిజానికి కుళాయి నీళ్లే. జెర్రీ చిరునవ్వుతో తాగేస్తాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పీటర్ బయలుదేరబోతూ సిగరెట్ తీసుకోవడానికి జేబులోంచి చిన్న డబ్బా తీస్తాడు. ఆ డబ్బా మూత లోపల అద్దం ఉంటుంది. అందులో చార్లీ, ఎమీ, ఎడ్ కనబడతారు. జెర్రీ నిలబడిన చోట గాలి తప్ప ఏమీ ఉండదు. ఇక్కడ సంగీతం పెద్దగా మోగదు, ఎవరూ అరవరు. మెక్‌డోవల్ ముఖంలోంచి రంగు దిగిపోవడం మాత్రమే చూస్తాం. డబ్బా చేతిలోంచి జారి అద్దం పగులుతుంది. ఏవో మాటలు చెప్పి కుర్రవాళ్లను కంగారుగా బయటికి తరుముతాడు. వాళ్లు వెళ్లాక జెర్రీ కాలి కింద అద్దపు ముక్క ఒకటి చిటుక్కుమంటుంది. దాన్ని చూసి తన రహస్యం ఎవరికి తెలిసిందో అతను అర్థం చేసుకుంటాడు. జీవితమంతా ఇదే దృశ్యాన్ని కెమెరా ముందు నటించిన మనిషికి అది ఒకసారి నిజంగా ఎదురైతే ఎలా ఉంటుందో ఈ మూడు నిమిషాలు చూపిస్తాయి.

అద్దంలో ప్రతిబింబం లేకపోవడం, పిలవనిదే గడప దాటలేకపోవడం, సూర్యకాంతికి భస్మం కావడం, వెల్లుల్లికి, శిలువకు జంకడం, గుండెలో మేకు దిగితే చావడం వంటి నియమాలన్నిటినీ ఎడ్ నోట చార్లీకి, చార్లీ నోట మనకు సినిమా చెప్పిస్తుంది. ఇవన్నీ ఒకే చోటి నుంచి వచ్చినవి కావు. అద్దం, ఆహ్వానం రెండూ మనకు బాగా పరిచయమైంది బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాక్యులా’ నవల నుంచి. డబ్లిన్‌లో పుట్టిన స్టోకర్ నవలలో డ్రాక్యులా పగటిపూట లండన్ వీధుల్లో తిరుగుతాడు. శక్తి తగ్గుతుందే తప్ప ఎండ అతన్ని చంపదు. ఎండకు రక్తపిశాచి నశించడమనేది 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ నుంచి లోకానికి వ్యాపించింది. అనుమతి లేకుండా నవలను వాడుకున్నందుకు స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కింది. 1925లో ప్రతులన్నీ ధ్వంసం చేయాలని తీర్పు వచ్చినా కొన్ని మిగిలాయి కాబట్టే ఆ నియమమూ మిగిలింది. ఇలా నవల, సినిమా, పల్లెటూరి నమ్మకం కలగలిసిపోయిన జాబితాను ‘ఫ్రైట్ నైట్’ ఎక్కడా సవరించదు, వెక్కిరించదు. ప్రతి నియమాన్నీ ముందు మాటల్లో చెప్పి, తరువాత కథలో కచ్చితంగా అమలు చేస్తుంది. పిలవనిదే రాలేడన్న ధైర్యంతో ఇంటికొచ్చిన చార్లీకి, తల్లి ఎంతో మర్యాదగా పిలిచి కుర్చీలో కూర్చోబెట్టిన జెర్రీ కనిపించే దృశ్యంలో ఆ నియమమే ఉరిగా బిగుస్తుంది. గడప దగ్గర దుష్టశక్తిని ఆపవచ్చన్న నమ్మకం మనకూ పరాయిది కాదు. తెలుగు ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్న రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందుకే ఈ దృశ్యం తెలుగు ప్రేక్షకుడికి వివరణ లేకుండానే తగులుతుంది.

ఈ సినిమా చూసే ముందు గానీ తరువాత గానీ అసలు జానపద రక్తపిశాచి గురించి కొంత తెలుసుకుంటే చూసే ఆనందం పెరుగుతుంది. ఒక రకంగా హాలోవీన్‌కు రక్తపిశాచానికి పుట్టుకతో సంబంధం లేదు. హాలోవీన్ మూలాలు ఐర్లాండ్, స్కాట్లండ్‌లలోని కెల్టిక్ పండుగ సాయిన్‌లో ఉన్నాయి. రక్తపిశాచి బాల్కన్, కార్పాతియన్ ప్రాంతాలది. రొమేనియాలో చనిపోయినవాళ్లు ‘స్ట్రిగోయ్’గా లేచి తిరుగుతారని భయపడే రాత్రి సెయింట్ ఆండ్రూ పండుగ ముందురోజు, అంటే నవంబరు 29 రాత్రి. ఆ రాత్రి కిటికీలకు, తలుపులకు వెల్లుల్లి రాస్తారు. వెల్లుల్లి నియమం నిజమైన పల్లెటూరి ఆచారం నుంచి వచ్చిందన్నమాట.

ఆ పల్లెటూళ్లలోని రక్తపిశాచి నల్లని కోటు వేసుకున్న ప్రభువు కాదు. 1718 నాటి ఒప్పందంతో ఉత్తర సెర్బియా ఆస్ట్రియా పాలనలోకి వచ్చింది. అక్కడి అధికారులు గ్రామాల్లో జరుగుతున్నవి చూసి విస్తుపోయి వియన్నాకు నివేదికలు రాశారు. 1725లో కిసిలోవా గ్రామంలో పీటర్ ప్లొగొయోవిట్జ్ అని రికార్డులకెక్కిన రైతు చనిపోయాక, ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది చనిపోయారు. అతను రాత్రి వచ్చి మీద పడి గొంతు నులిమాడని వాళ్లు చెప్పారట. అతని భార్య చెప్పిన మాట నన్ను చాలాకాలం వెంటాడింది: చనిపోయిన భర్త ఇంటికొచ్చి తన చెప్పులు ఇమ్మని అడిగాడట, ఆమె ఆ ఊరు వదిలి వెళ్లిపోయింది. గ్రామస్థుల ఒత్తిడికి తలవంచిన ఫ్రోంబాల్డ్ అనే అధికారి ఎదుటనే సమాధి తవ్వారు. శవం కుళ్లలేదని, పాత చర్మం ఊడి కొత్త చర్మం వచ్చిందని, గడ్డం, గోళ్లు పెరిగాయని, నోట తాజా రక్తం ఉందని ఆయన రాశాడు. గుండెలో కొయ్య దించి, తరువాత శవాన్ని కాల్చేశారు. 1732 జనవరిలో సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ మెద్వెజా గ్రామం నుంచి రాసిన నివేదిక మరింత ప్రసిద్ధమై యూరప్ పత్రికలన్నిటా చర్చకు వచ్చింది. ఆ గ్రామానికి చెందిన ఆర్నాల్డ్ పౌలే ఎండుగడ్డి బండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయినవాడు. బతికుండగా తనను ఒక రక్తపిశాచి పీడించిందని, విరుగుడుగా దాని సమాధి మట్టి తిన్నానని చెప్పుకునేవాడట. అతని శవంలో కొయ్య దించితే మూలిగిందని నివేదికలో ఉంది.

ఈ వివరాల్లో అబద్ధం ఆడాల్సిన పని ఆ అధికారులకు లేదు. వాళ్లు చూసింది కుళ్లే దశలోని శవాన్ని. లోపల పుట్టే వాయువులతో పొట్ట ఉబ్బి బాగా తిన్న మనిషిలా కనబడుతుంది, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని ఎర్రటి ద్రవం నోట్లోకి తోసుకొస్తుంది, పై చర్మం జారి కింది పొర కొత్తదిలా మెరుస్తుంది, చర్మం ముడుచుకున్నకొద్దీ గోళ్లు, గడ్డం పెరిగినట్టు కనిపిస్తాయి. కొయ్య దిగినప్పుడు గాలి గొంతులోంచి బయటికి వస్తే మూలుగు వినబడుతుంది. ఊళ్లో అంటువ్యాధి ప్రబలినప్పుడు మొదట పోయినవాడి సమాధి తవ్వి చూసినవాళ్లకు ఇంతకంటే వేరే రుజువు ఏం కావాలి? 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ సలహాతో ఇలా శవాలను వెలికితీయడాన్ని నిషేధించింది. 1892లో కూడా అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం ఎక్సెటర్‌లో, క్షయతో పోయిన మెర్సీ బ్రౌన్ అనే యువతి శవాన్ని ఇదే భయంతో బయటికి తీశారు.

బేతాళ కథలు చదువుకున్న మనకు ఈ శవరూపం కొత్త కాదు. రిచర్డ్ బర్టన్ 1870లో ఆ కథలను ఆంగ్ల పాఠకులకు అందించినప్పుడు బేతాళుడిని వాంపైర్‌గానే పరిచయం చేశాడు. మన బేతాళుడు రక్తం తాగడు, కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. కానీ చెట్టున వేలాడే శవంలో ఉంటాడు కాబట్టి డ్రాక్యులా కంటే కిసిలోవా రైతుకే దగ్గర. ‘ఫ్రైట్ నైట్’లో జెర్రీ మొదట డ్రాక్యులా సంతతిలా మెరిసినా, సినిమా ముందుకు సాగినకొద్దీ అతని ముఖం, చేతులు శవం వైపు, జంతువు వైపు దిగజారుతాయి. మర్యాదస్తుడి చర్మం కింద పాత పల్లెటూరి శవం ఉందని దర్శకుడు మాటల్లో చెప్పకుండా చూపించాడు. ‘ఘోస్ట్‌బస్టర్స్’కు పనిచేసిన రిచర్డ్ ఎడ్‌లండ్ పర్యవేక్షించిన ఎఫెక్ట్స్ ఇందుకు ప్రాణం పోశాయి. అవి రబ్బరు, రంగు, యంత్రాలతో చేతిపనిగా చేసినవి; వాటికి ఉన్న బరువు, తడి నేటి కంప్యూటర్ బొమ్మల్లో నాకు దొరకడం లేదు.

సినిమాకు వెన్నెముక లాంటి దృశ్యం జెర్రీ ఇంటి మెట్ల దగ్గర వస్తుంది. ఎమీని కాపాడడానికి చార్లీతో కలిసి వచ్చిన పీటర్ విన్సెంట్, తన సినిమాల్లో వేల మంది చూసిన భంగిమలోనే శిలువను ఎత్తి పట్టి వెనక్కి పొమ్మని గద్దిస్తాడు. జెర్రీ నవ్వి, దాన్ని చేత్తో పట్టుకుని నలిపేసి, అది నా మీద పనిచెయ్యాలంటే నీకు నమ్మకం ఉండాలి అని చెబుతాడు. పక్కనే చార్లీ వణుకుతూ తన శిలువ ఎత్తితే జెర్రీ వెనకడుగు వేస్తాడు. నియమాలన్నీ కంఠస్థం వచ్చిన మనిషి ఓడిపోయాడు, మనసారా నమ్మిన కుర్రవాడు నిలబడ్డాడు. తనను తాను ఎరిగిన భయానక చిత్రాల్లో ఇంత గంభీరమైన ప్రశ్న వేసినది నాకు మరొకటి కనబడలేదు. పదకొండేళ్ల తరువాత వెస్ క్రావెన్ తీసిన ‘స్క్రీమ్’ చాలా తెలివైన సినిమా, దాన్ని నేను గౌరవిస్తాను. అందులో నియమాలు తెలిసినవాళ్లకు బతికే అవకాశం ఎక్కువ. ఇక్కడ తెలియడం సరిపోదు. తెల్లవారుజామున అదే పీటర్ మళ్లీ శిలువ ఎత్తినప్పుడు జెర్రీ నవ్వు ఆగిపోవడం చూస్తే, ఒక ముసలి నటుడు జీవితంలో మొదటిసారి తన పాత్రలోకి నిజంగా ప్రవేశించాడని అర్థమవుతుంది.

ఎడ్ పాత్రలో స్టీఫెన్ జెఫ్రీస్ చేసిన పని గురించి చెప్పకుండా ఉండలేను. అందరూ ఆటపట్టించే ఆ కుర్రవాడిని సందులో మూలకు తరిమిన జెర్రీ, భయపెట్టడు. వేరుగా ఉండడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇక నిన్నెవరూ ఏడిపించరు అని మెత్తగా చెప్పి చెయ్యి చాస్తాడు. ఎడ్ ఆ చేతిని అందుకుంటాడు. ఆ తరువాత తోడేలు రూపంలో పీటర్ మీదికి దూకి, విరిగిన బల్లకోడు గుచ్చుకుని పడిపోయిన ఎడ్, చాలాసేపు మూలుగుతూ నెమ్మదిగా తిరిగి మనిషి అవుతాడు. సాధారణంగా ఇలాంటి సినిమాల్లో రాక్షసుడు చావగానే దృశ్యం మారిపోతుంది. ఇక్కడ కెమెరా కదలదు. వేటగాడి వేషం వేసి బతికిన మనిషి, మొదటిసారి నిజంగా ఒకరిని చంపి, చనిపోతున్న పిల్లవాడిని చూస్తూ కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆ దుఃఖాన్ని తెర మీద అంతసేపు ఉంచినందుకు దర్శకుడికి నేను రుణపడి ఉన్నాను.

లోపాలు లేవని అనను. డాన్స్ క్లబ్బులో జెర్రీ ఎమీని వశపరచుకునే ఘట్టం అవసరానికి మించి సాగుతుంది. 1980ల పాటలు, దుస్తులు ఇప్పుడు దృష్టిని కథ నుంచి పక్కకు లాగుతాయి. ఎమీ జెర్రీ పూర్వ ప్రేయసిని పోలి ఉంటుందని ఒక చిత్రపటం ద్వారా సూచించి, ఆ దారాన్ని అక్కడే వదిలేశారు. ఎమీగా నటించిన అమాండా బేర్స్‌కు చివరి అంకంలో భయంకరమైన రూపం దక్కింది కానీ, అంతకు ముందు ఎమీకంటూ ఒక మనసు ఉన్నట్టు రాయలేదు. జెర్రీ సేవకుడు బిల్లీ కోల్ మనిషో కాదో సినిమా తేల్చదు. ఆ అస్పష్టత నాకు ఇబ్బంది కలిగించలేదు గానీ, అన్ని నియమాలనూ అంత శ్రద్ధగా పాటించిన కథలో అతనొక్కడే ఏ నియమానికీ అందడు.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు హాలోవీన్ సాయంత్రం పిల్లలను ఇంటింటికీ తిప్పి తీసుకొచ్చాక చూడదగిన సినిమా ఇది, అయితే పిల్లలు నిద్రపోయాకనే. దీనికి అక్కడ ‘ఆర్’ రేటింగ్ ఉంది: రక్తం, కొద్దిపాటి నగ్నత్వం, బూతు మాటలు ఉన్నాయి. సోనీ సంస్థ 2022లో తెచ్చిన 4కె డిస్కులో చీకటి దృశ్యాలు చక్కగా కనబడతాయి. ఎదురింటి కిటికీలో జరిగేది చూడాల్సిన కథ కాబట్టి నలుపు సరిగ్గా రాని పాత ప్రతిలో సగం సినిమా పోతుంది. బ్రాడ్ ఫీడెల్ సంగీతానికి కూడా మంచి స్పీకర్లు ఉంటే మేలు. గది దీపాలు ఆర్పి, ఫోన్లు పక్కన పెట్టి చూడండి. అద్దం దృశ్యాన్ని కన్నార్పకుండా చూడాలి.

దీని తరువాత రెండో సినిమా కూడా చూసే ఓపిక ఉంటే, జెమైన్ క్లెమెంట్, టైకా వైటిటి కలిసి 2014లో తీసిన ‘వాట్ వి డూ ఇన్ ద షాడోస్’ మంచి జోడీ. వెల్లింగ్టన్‌లో ఒకే ఇంట్లో అద్దెకుండే రక్తపిశాచాల కథ అది. పిలవనిదే లోపలికి వెళ్లలేక నైట్‌క్లబ్ ద్వారం దగ్గర తమను లోపలికి రమ్మనమని కాపలావాడిని బతిమాలుకునే సన్నివేశంలో ఆహ్వానపు నియమం పూర్తిగా నవ్వుల వైపు తిరుగుతుంది. మరింత చీకటి కావాలనుకునేవారికి 2000లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద వాంపైర్’ ఉంది: మూర్నౌ తన మూకీ చిత్రానికి నిజమైన రక్తపిశాచినే నటుడిగా పెట్టుకున్నాడని ఊహించిన ఈ సినిమాలో విలెం డెఫో నటన ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

‘ఫ్రైట్ నైట్’ను 2011లో క్రెయిగ్ గిల్లెస్పీ దర్శకత్వంలో మళ్లీ తీశారు. జెర్రీగా కాలిన్ ఫారెల్ నిజంగా ప్రమాదకరంగా ఉంటాడు. రాత్రి పని, పగటి నిద్ర ఎవరికీ వింతగా తోచని లాస్ వెగాస్ శివార్లకు కథను మార్చడం చక్కటి ఆలోచన. కానీ అందులో పీటర్ విన్సెంట్ టీవీ సమర్పకుడు కాదు, స్టేజి మీద మాయాజాలం చేసే ధనికుడు. పైగా చిన్నప్పుడే రక్తపిశాచాన్ని చూసినవాడు. డేవిడ్ టెనంట్ ఉత్సాహంగా నటించినా, పిశాచం నిజమని ముందే ఎరిగిన మనిషికి నమ్మకం సంపాదించుకోవాల్సిన అవసరమే ఉండదు. ఒక రాత్రికి ఒకటే చూడగలిగేవారు 1985 నాటిదే ఎంచుకోవాలి.